గీత ముందు కాలు తీసినవాడు: రేసుల్లో టీమ్ ఆర్డర్ల గొడవ

(నెల్లూరు టౌన్‌హాల్లో ఒక ఆదివారం ఉదయం ఆటోమొబైల్ విద్యార్థులు, రేసులంటే ఇష్టమున్న ఊరివాళ్ళు కలిసి పెట్టుకున్న సభలో ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. చెప్పిందే మళ్ళీ చెప్పిన చోట్లు తీసేసి, మిగతాది ఆయన మాట్లాడినట్టే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఉన్న డిప్లొమా పిల్లలకు, షెడ్డు మూసుకొని వచ్చిన మెకానిక్ అన్నలకు, ఇక్కడికి ఎందుకొచ్చామా అన్నట్టు చూస్తున్న పెద్దలకు, అందరికీ. (నవ్వులు) వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇందాక బయట టీ తాగుతుంటే ఒకాయన అడిగాడు, మన నెల్లూరికీ కారు రేసులకీ ఏం సంబంధం మాస్టారూ అని. ఎందుకు లేదు? మద్రాసు రోడ్డెక్కి తడ, గుమ్మిడిపూండి దాటితే రెడ్‌హిల్స్ కంటే ముందు షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది అక్కడ. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ రన్‌వే మీదే రేసులు నడిపారు. 1990లో శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో అసలు ట్రాక్ కట్టుకున్నారు. షోలవరం రేసులు చూసొచ్చినవాళ్ళు ఈ హాల్లో ఎవరన్నా ఉన్నారా? (రెండు మూడు చేతులు లేచాయి) అదుగో, చూశారా. ఇక 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ అనే కరెంటు రేసు కార్లు తిరిగినప్పుడు ఇక్కణ్ణుంచి రైలెక్కి పోయిన కుర్రాళ్ళు నాకే కొందరు తెలుసు.

సరే, విషయానికొస్తా. కార్డు మీద వేసిన టాపిక్ 'మోటార్ క్రీడలు, నైతిక విలువలు'. అంత బరువు నేను మొయ్యలేను. ఒక్క సంగతే మాట్లాడతాను. ఫార్ములా వన్ అని కారు రేసుల్లో పెద్ద ప్రపంచ పోటీ ఉంది కదా, అందులో ఒక్కో జట్టుకు రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. ఇద్దరిలో ముందు పోతున్నవాడికి రేడియోలో చెప్తారు, వెనకాల మనవాడే వస్తున్నాడు, దారియ్యి అని. ఆ డ్రైవర్ తప్పుకుంటాడు. టికెట్ కొని కూర్చున్నవాడికి ఒళ్ళు మండుతుంది. దీన్నే టీమ్ ఆర్డర్ అంటారు. ఇది ఆటా, నాటకమా అని డెబ్బై ఏళ్ళుగా గొడవ నడుస్తానే ఉంది.

నా అభిప్రాయం దాచుకోను. జట్టు ఆర్డర్ ఇవ్వడంలో నాకు తప్పు కనిపించదు. ఇచ్చి, ఇవ్వలేదని మొహం మీదే బొంకడం తప్పు. ఎవరు ఎవరి కోసం తోలుతున్నారో రేసుకు ముందు చెప్పకపోవడం తప్పు. ఒప్పుకోకపోతే చివర్లో అడగండి, వాదించుకుందాం.

2002 మే 12. ఆస్ట్రియా గ్రాండ్ ప్రీ. ఆ సీజన్లో అది ఆరో రేసు. అప్పటికి జరిగిన 5 రేసుల్లో 4 మైఖేల్ షూమాకర్ గెలిచి ఉన్నాడు. పట్టికలో అతనికి 44 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న మోంటోయాకు 23. అదీ వేరే జట్టు. ఫెరారీలో షూమాకర్ జోడీ బ్రెజిల్ డ్రైవర్ రూబెన్స్ బారికెల్లో. అతనికి ఆ ఏడాది ఒకటే కష్టాలు, ఉన్నవి 6 పాయింట్లు. ఆ వారం మాత్రం బారికెల్లో చెయ్యి తిరిగింది. రేసులో ఎవరు ఏ వరసలో బయల్దేరాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం, రేసులో కూడా ముందు. షూమాకర్‌కు అందలేదు.

ఆఖరి ల్యాపులకు, అంటే ట్రాక్ చుట్టూ ఆఖరి చుట్లకొచ్చేసరికి పిట్ నుంచి రేడియో మొదలైంది. పిట్ అంటే ట్రాక్ పక్కన జట్టు మనుషులుండి టైర్లు మార్చే చోటు. ఛాంపియన్‌షిప్ కోసం మైఖేల్‌ను పోనియ్యి అని. జట్టు పెద్ద జాన్ టాడ్ మాట అది. బారికెల్లో ఒప్పుకోలేదు. ఎనిమిది ల్యాపులు ఆ రేడియోలో యుద్ధమే జరిగిందని చాలా ఏళ్ళ తర్వాత అతనే చెప్పాడు. చివరి ల్యాపు, చివరి మలుపు. కుడివైపు తిరిగి గీత వైపు వచ్చే తిన్నని రోడ్డు మీద రెండు ఎర్ర కార్లు. ముందు కారు నెమ్మదించింది. వెనక కారు పక్కనుంచి దాటి గీత తాకింది. తేడా 0.182 సెకను.

మెకానిక్ అన్నలు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. దారియ్యాలనుకుంటే డ్రైవర్‌కు చోట్లు తక్కువా? మలుపులో కాస్త వెడల్పుగా పోతే చాలు, టైరు జారిందని చెప్పుకోవచ్చు. గేరు పడలేదనొచ్చు. ఎవరికీ అనుమానం రాదు. బారికెల్లో అవేవీ చెయ్యలేదు. గీత కనపడేదాకా ముందుండి, టీవీ కెమెరాలన్నీ తన మీద ఉన్న చోట యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. మాట విన్నట్టే విని, లోకమంతా సాక్షిగా ఫిర్యాదు చేశాడని నా నమ్మకం.

ఇక గ్యాలరీల్లో కేకలు, ఈలలు. గెలిచిన షూమాకర్‌కు మొహం చెల్లలేదు. బహుమతులిచ్చే వేదిక, పోడియం మీద మొదటి మెట్టు తను ఎక్కకుండా బారికెల్లోను ఎక్కించాడు. గెలిచినవాడి కప్పు అతని చేతిలో పెట్టాడు. దాంతో అరుపులు తగ్గకపోగా ఇంకా పెరిగాయి.

తర్వాత జరిగింది వినండి. ఎఫ్ఐఏ అని ఈ క్రీడను నడిపే అంతర్జాతీయ సంఘం ఉంది కదా, జూన్ నెలాఖరులో ఫెరారీని, ఇద్దరు డ్రైవర్లను పిలిచి 10 లక్షల డాలర్లు జరిమానా వేసింది. అందులో సగం వెంటనే కట్టాలి, మిగతా సగం ఏడాదిలోపు మళ్ళీ తప్పు చేస్తే. జరిమానా దేనికనుకున్నారు? పోడియం మీద మెట్లు మారినందుకు! (నవ్వులు) నవ్వకండి, నిజం. ఆర్డర్ ఇవ్వకూడదని అప్పటికి రూలే లేదు. బహుమతి ఇచ్చే పద్ధతికి మాత్రం రూలుంది. దాని కింద పట్టుకున్నారు.

ఈ ఆర్డర్ వల్ల ఎవరికేం ఒరిగిందో లెక్క వేద్దాం. అప్పట్లో మొదటి స్థానానికి 10, రెండో స్థానానికి 6. ఎవరు ముందొచ్చినా ఫెరారీ ఖాతాలో పడేది 16. జట్టుకు ఒక్క పాయింటు లాభం లేదు. షూమాకర్‌కు 4 కలిశాయి. సీజన్ అయ్యేసరికి అతనికి 144, బారికెల్లోకు 77. టైటిల్ జులైలోనే ఖాయమైపోయింది, ఇంకా 6 రేసులు మిగిలి ఉండగా. అక్కరలేని ఆర్డర్ అది. జనానికి మండింది అందుకే. అదే సెప్టెంబరులో ఇండియానాపోలిస్‌లో షూమాకర్ ఇద్దరం కలిసి ఒకేసారి గీత దాటుదామన్నట్టు నెమ్మదించాడు. బారికెల్లో 0.011 సెకను తేడాతో గెలిచాడు. అదీ అమెరికా ప్రేక్షకులకు రుచించలేదు. రేసును ఇష్టమొచ్చినట్టు పంచుకుంటున్నారని ఇంకో తిట్టు తగిలింది.

ఇక్కడ మన ఒంగోలు గిత్తల మాట రాకుండా పోదు. సంక్రాంతికి, శివరాత్రి తిరునాళ్ళకు ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఆరు పళ్ళ జత అని విభాగాలు. కాడికి ఎలపట ఒకటి, దాపట ఒకటి. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగితే అంత. ప్రైజు జతకు. దాపట గిత్త ఎక్కువ కష్టపడింది, దానికి వేరే ప్రైజు అని మైకులో చెప్తే జనం నవ్వుతారా లేదా? ఫార్ములా వన్‌లో సరిగ్గా అదే పెట్టారు. డ్రైవర్ల ఛాంపియన్‌షిప్ 1950లో వచ్చింది. జట్ల ఛాంపియన్‌షిప్ 1958లో కలిసింది. ఒకే కాడికి కట్టి రెండు ప్రైజులు పెట్టారు. జట్టుకొచ్చే డబ్బు ముఖ్యంగా జట్ల పట్టికను బట్టి వస్తుంది. పేపర్లో ఫొటో, పిల్లల గోడ మీద పోస్టరు డ్రైవర్ టైటిల్‌ను బట్టి వస్తాయి. ఇంక తగువు రాకుండా ఎట్లా ఉంటుంది?

అందుకని ఆర్డర్లు రెండు రకాలని నేను చూస్తా. ఉన్న వరసలో ఉండండి, కొట్టుకోకండి అనేది ఒకటి. అది జట్టు కోసం. ఇద్దరూ గుద్దుకుంటే పాయింట్లన్నీ గోవిందా. రెండోది, వాడిని ముందుకు పోనియ్యి అనేది. అది ఒక డ్రైవర్ టైటిల్ కోసం. ముందూ వెనకా మారినంత మాత్రాన జట్టు మొత్తం మారదని ఇప్పుడే చూశాం కదా. జట్టు ప్రయోజనం కోసమే మార్చాం అని ఏ పెద్దమనిషి మైకులో చెప్పినా, ఏ ప్రయోజనం నాయనా అని మనం అడగాలి.

ఇది ఇప్పటి జబ్బేమీ కాదు. 1956లో ఇటలీలోని మోంజాలో సీజన్ ఆఖరి రేసు. ఫెరారీకి తోలుతున్న ఫాంజియో కారు చెడిపోయింది. అప్పటి రూలు ప్రకారం జట్టులో ఇంకొకరి కారు తీసుకొని నడపొచ్చు, పాయింట్లు చెరి సగం. లూయిజి ముస్సో పిట్‌కు వస్తే కారియ్యమన్నారు. దిగలేదు. సీటులో కూర్చొని టైర్లు మార్పించుకొని పోయాడు. తర్వాత పీటర్ కాలిన్స్ వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ ఇంగ్లీషు కుర్రాడు, తనకూ ఇంకా టైటిల్ అవకాశం ఉంది. అయినా దిగి కారు ఇచ్చేశాడు. ఫాంజియో రెండో స్థానంలో వచ్చి నాలుగోసారి ఛాంపియన్ అయ్యాడు. కాలిన్స్ 1958లో జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్‌లో ప్రమాదంలో పోయాడు, ఛాంపియన్ కాకుండానే. ఈ కథ చెప్తే ఎవరూ మోసం అనరు. త్యాగం అంటారు. ఎందుకంటే అందరి కళ్ళ ముందే కారు దిగాడు, తన ఇష్టంతో దిగాడు.

ఇంకోటి 1982 ఇమోలా. ఇది చెప్పాలంటే ఇప్పటికీ మనసు బాగుండదు. రెండు ఫెరారీలు ముందున్నాయి. జిల్ విల్నవ్, డిడియే పిరోని. పిట్ దగ్గర బోర్డు పట్టారు, 'స్లో' అని. మెల్లగా అంటే ఉన్న వరసలోనే రమ్మని విల్నవ్ అనుకున్నాడు. ఇంజను కాపాడుకోమన్నారు, అంతే కదా అని పిరోని అనుకున్నాడు. చివరి ల్యాపులో దాటేసి గెలిచాడు. ఇక జన్మలో ఇతనితో మాట్లాడనన్నాడు విల్నవ్. రెండు వారాలు తిరగకుండానే బెల్జియంలో జోల్డర్ క్వాలిఫయింగ్‌లో విల్నవ్ చనిపోయాడు. ఆ పగే చంపిందని చాలామంది రాశారు. నేనంత దూరం పోను. మనిషి మనసులో ఏముందో మనకేం తెలుసు. కానీ రెండర్థాలొచ్చే ఆర్డర్ ఇచ్చినవాళ్ళది పెద్ద తప్పు. ఎవరు ముందో ముందే కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ తగువుకు చోటే లేదు.

2002 గొడవ తర్వాత ఎఫ్ఐఏ ఏం చేసింది? 2003 నుంచి, రేసు ఫలితాన్ని మార్చే టీమ్ ఆర్డర్లు నిషేధం అని రూలు రాసింది. వినడానికి బాగుంది. చదివినవాళ్ళు చప్పట్లు కొట్టారు. అమలు ఎట్లా? ఎవడు పట్టుకుంటాడు?

పిల్లలూ, ఇది రాసుకోండి. రేడియోలో ఒక్క మాట అనకుండా ఆర్డర్ ఇయ్యొచ్చు. ఇద్దరు డ్రైవర్లు దగ్గర దగ్గరగా పోతున్నారు. ఇద్దరికీ టైర్లు అరిగాయి. ముందు ఎవణ్ణి పిట్‌కు పిలుస్తారో వాడికి కొత్త టైర్లు. కొత్త టైర్ల మీద ల్యాపుకు సెకను, ఒక్కోచోట ఇంకా ఎక్కువ మిగులుతుంది. రెండోవాడు ఒకటి రెండు ల్యాపులు ఆలస్యంగా వచ్చి బయటికి వెళ్ళేసరికి మొదటివాడు ముందుంటాడు. దీన్ని అండర్‌కట్ అంటారు. ఏ చట్టం పట్టుకోగలదు దీన్ని? అది స్ట్రాటజీ సార్ అంటారు. ఇంధనం పొదుపు చెయ్యి అంటారు. ఇంజను వేడెక్కుతోంది, తగ్గించు అంటారు. వినేవాడికి మెకానిక్ భాష, డ్రైవర్‌కు ఆర్డర్.

నిషేధం ఉన్న కాలంలోనే 2007 బ్రెజిల్ రేసు జరిగింది. ఫెరారీకి తోలే ఫెలిపె మాస్సా సొంత ఊరు సావో పాలో. సొంత జనం ముందు ముందంజలో ఉన్నాడు. టైటిల్ అవకాశం జట్టులో కిమి రైకోనెన్‌కు ఉంది. పిట్ స్టాపుల దగ్గర వరస మారిపోయింది. రైకోనెన్ గెలిచాడు, 110 పాయింట్లతో ఛాంపియన్. వేరే జట్టువాళ్ళు హామిల్టన్, అలోన్సో చెరి 109. మాస్సాను దాటకపోతే రైకోనెన్‌కు 108, టైటిల్ లేదు. ఎవరన్నా నోరెత్తారా? ఒక్క జరిమానా లేదు. ఆస్ట్రియాలో అక్కరలేని ఆర్డర్‌కు అంత రభస, ఇక్కడ ప్రపంచ టైటిలే మారిపోతే చప్పుడు లేదు. పని నీటుగా జరిగింది కాబట్టి.

అదే నిషేధ కాలంలో, 2008 సింగపూర్. రెనో జట్టు నెల్సన్ పికె జూనియర్‌ను కావాలని గోడకు గుద్దమంది. 14వ ల్యాపులో గుద్దాడు. సేఫ్టీ కారు వచ్చింది, అంటే ప్రమాదం జరిగినప్పుడు అన్ని కార్లనూ తన వెనకాల మెల్లగా నడిపించే కారు. అప్పటికే పిట్‌కు వెళ్ళొచ్చిన అదే జట్టు అలోన్సోకు అదృష్టం కలిసొచ్చి గెలిచాడు. మరుసటి ఏడాది పికెను జట్టు తీసేశాక సంగతి బయటపడింది. మనిషి ప్రాణం మీదికి తెచ్చే ఆర్డర్ అది. మిగతావన్నీ ఒక లెక్క, ఇదొక్కటీ ఒక లెక్క. దారియ్యమనడాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టొద్దు. నేను చెప్పేదల్లా ఒకటే, పేపరు మీద నిషేధం ఉన్నా ఇది ఆగలేదు.

ఇక 2010 జులై 25, జర్మనీ, హాకెన్‌హైమ్. ఆ తారీఖు గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఏడాది కిందట అదే రోజు హంగరీలో క్వాలిఫయింగ్ జరుగుతుంటే, ముందు పోతున్న కారు నుంచి ఊడిన స్ప్రింగు వచ్చి మాస్సా హెల్మెట్‌కు తగిలింది. తల ఎముక విరిగి చావు తప్పించుకున్నాడు. ఆ స్ప్రింగు ఊడింది ఎవరి కారులోదో తెలుసా? బారికెల్లోది! కథల్లో రాస్తే నమ్మం. ఏడాది గడిచింది. మాస్సా మళ్ళీ తోలుతున్నాడు, మొదటి స్థానంలో ఉన్నాడు. వెనకాల జట్టువాడు అలోన్సో. అప్పుడు మాస్సా ఇంజనీరు రాబ్ స్మెడ్లీ రేడియోలోకి వచ్చాడు. ఫెర్నాండో, అంటే అలోన్సో, నీకంటే వేగంగా ఉన్నాడు, ఈ మాట అర్థమైందని చెప్తావా అన్నాడు. ఒక్కో మాట ఆపి ఆపి, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు. 67 ల్యాపుల రేసులో 49వ ల్యాపు. మాస్సా మలుపు దాటి నెమ్మదించాడు, అలోన్సో పోయాడు. వెంటనే స్మెడ్లీ, శభాష్, ఇక అట్లాగే పట్టుకో, సారీ అన్నాడు. ఆర్డర్ లేకపోతే సారీ దేనికబ్బా? (నవ్వులు)

రేసు అయ్యాక పత్రికలవాళ్ళు కూర్చోబెట్టి అడిగారు. ఫెరారీ వాళ్ళు ఆర్డరేమీ లేదు, సమాచారం ఇచ్చాం, నిర్ణయం మాస్సాది అన్నారు. ఆ బొంకు దగ్గరే నాకు మండింది. దారిచ్చినందుకు కాదు. మాస్సా ఇష్టంతో ఇచ్చాడని చెప్పి, పోయిన గెలుపుకు తోడు ఆ నింద కూడా అతని నెత్తినే పెట్టారు. రేసు దగ్గర తీర్పు చెప్పే స్టీవర్డులు 1,00,000 డాలర్లు జరిమానా వేశారు. సెప్టెంబరులో ఎఫ్ఐఏ పెద్దల సభ కూర్చొని ఇంకేం శిక్ష వెయ్యలేదు. ముందుకు పోయినందుకు అదనంగా వచ్చిన 7 పాయింట్లు అలోన్సో దగ్గరే ఉన్నాయి. అంత చేసీ ఏడాది ఆఖర్న టైటిల్ కొట్టిన రెడ్‌బుల్ జట్టు వెటెల్‌కు 256, అలోన్సోకు 252. 2011 నుంచి ఆ నిషేధం రూలు తీసేశారు. అబద్ధాలు తప్ప ఏమీ పుట్టించని రూలు పోయిందని నాకైతే సంతోషం.

రూలు పోయాక మాటలు తేటగా వచ్చాయి, తగువులు పోలేదు. 2013 మలేషియాలో రెడ్‌బుల్ వాళ్ళు 'మల్టీ 21' అన్నారు. 2వ నంబరు వెబర్ ముందు, 1వ నంబరు వెటెల్ వెనక అని. వెటెల్ వినకుండా దాటేసి గెలిచాడు. ఆ రోజు క్షమాపణ చెప్పాడు. తర్వాతి రేసుకు చైనా వచ్చేసరికి, మళ్ళీ అదే చేస్తానేమో అన్నాడు. 2022లో సావో పాలోలో అదే రెడ్‌బుల్ వాళ్ళు ఆరో స్థానం జట్టువాడు పెరెజ్‌కు తిరిగివ్వమంటే వెర్‌స్టాపెన్ ఇవ్వలేదు, ఇంకోసారి నన్ను అడగొద్దన్నాడు. అప్పటికి టైటిల్ అతని జేబులోనే ఉంది. పెరెజ్ ఆ ఏడాది రెండో స్థానం 3 పాయింట్ల తేడాతో పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికొస్తున్నా. మెక్‌లారెన్ జట్టు. డ్రైవర్లు పియాస్ట్రి, నోరిస్. వీళ్ళు చెప్పిందేమిటంటే, మాకు ఒకటో డ్రైవరు రెండో డ్రైవరు అని లేదు, ఇద్దరూ సమానమే, న్యాయంగా చూస్తాం అని. వినడానికి ఇంతకంటే మంచి మాట ఉందా? 2024 హంగరీలో ఏం జరిగిందంటే, ముందున్నది పియాస్ట్రి, రెండోది నోరిస్. వెనకాల వస్తున్న హామిల్టన్ నుంచి కాపాడాలని నోరిస్‌ను ముందు పిట్‌కు పిలిచారు. ఇందాక చెప్పా కదా అండర్‌కట్, అది పని చేసి నోరిస్ ముందుకొచ్చాడు. అయ్యో మేం అలా అనుకోలేదు, తిరిగిచ్చెయ్యి అన్నారు. ఇంజనీరు బతిమాలాడు, బుజ్జగించాడు. 70 ల్యాపుల రేసులో 68వ ల్యాపుకు ఇచ్చాడు. పియాస్ట్రికి అది మొదటి గెలుపు. పాపం, ఆనందంగా కేక వెయ్యలేని గెలుపు.

మరుసటి ఏడాది 2025 సెప్టెంబరు 7, మళ్ళీ మోంజా. వెర్‌స్టాపెన్ ఎక్కడో ముందున్నాడు. నోరిస్ రెండు, పియాస్ట్రి మూడు. ఈసారి పియాస్ట్రిని ముందు పిట్‌కు పిలుస్తామన్నారు. నోరిస్, నాకు ఆ అండర్‌కట్ తగలదంటే సరే అన్నాడు. తగలదన్నారు. పియాస్ట్రి వచ్చి వెళ్ళాడు. నోరిస్ వచ్చాడు. ముందు ఎడమ చక్రం దగ్గర తేడా వచ్చింది. రెండున్నర సెకన్లలో అయ్యే పని 5.9 సెకన్లు పట్టింది. బయటికొచ్చేసరికి పియాస్ట్రి వెనకాల ఉన్నాడు. జట్టు పియాస్ట్రికి చెప్పింది, స్థానం తిరిగిచ్చెయ్యి అని. పియాస్ట్రి ఏమన్నాడు? పిట్‌లో ఆలస్యం రేసులో భాగమేనని మనమే అనుకున్నాం కదా, ఇప్పుడేం మారిందో నాకర్థం కావట్లేదు, అయినా మీరు కావాలంటే ఇస్తా అన్నాడు. ఇచ్చాడు.

అప్పుడు పట్టికలో మొదటి స్థానంలో ఉన్నదెవరు? పియాస్ట్రి! నోరిస్ కంటే 34 పాయింట్లు ముందు. 2002లో టైటిల్ వైపు పోతున్నవాడికి పక్కవాడు దారిచ్చాడు. ఇక్కడ టైటిల్ వైపు పోతున్నవాడే తన పోటీదారుకు దారిచ్చాడు. న్యాయం కోసం. రెండో స్థానానికి 18, మూడో స్థానానికి 15. చేతులు మారింది 3 పాయింట్లు. డిసెంబరు 7న అబుదాబీలో సీజన్ ముగిసేసరికి నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421, పియాస్ట్రి 410.

లెక్క వెయ్యండి తమ్ముళ్ళూ. మోంజాలో ఆ మార్పు లేకపోతే నోరిస్‌కు 420. (హాల్లో గుసగుసలు) అవును. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంటే వెర్‌స్టాపెన్ ఛాంపియన్. ఏ ఒక్కరి టైటిల్ కోసమూ ఇవ్వలేదని చెప్పుకున్న ఆర్డర్, ప్రపంచ టైటిల్ తేల్చింది. అందుకే సమానంగా చూడటమంటే ఆర్డర్లు లేకపోవడమని అనుకోకండి. సమానంగా చూడాలంటే ఇంకా ఎక్కువ ఆర్డర్లు కావాలి, ప్రతి పిట్ స్టాపు దగ్గరా పంచాయితీ పెట్టాలి. అయినా మెక్‌లారెన్ వాళ్ళను నేను ఫెరారీ కంటే మేలంటాను. తప్పో ఒప్పో, రేడియోలో అందరూ వింటుండగా అడిగారు, అడిగామని ఒప్పుకున్నారు. వాళ్ళతో నా పేచీ ఒకటే. పిట్‌లో ఆలస్యమైతే లెక్క ఎట్లా అని డ్రైవర్లకే రెండు రకాలుగా అర్థమైందంటే ఆ రూలు సరిగ్గా రాసుకోలేదన్నమాట. రాసుకున్నది మనకు ఆదివారం పొద్దున్నే చెప్పేస్తే ఇంకా బాగుండేది.

ఇక మీరు అడగండి.

(ప్రశ్నలు)

ఒక విద్యార్థి: సార్, మాట వినకుండా గెలిచినవాళ్ళు లేరా?

ఎందుకు లేరు నాయనా. 1981లో బ్రెజిల్ రేసులో విలియమ్స్ వాళ్ళు బోర్డు పట్టారు, జోన్స్ ముందు, రాయ్‌టమాన్ వెనక అని. వానలో రాయ్‌టమాన్ ఆ బోర్డు ముందునుంచే పోయాడు, ల్యాపు తర్వాత ల్యాపు. గెలిచాడు. ఇద్దరికీ మళ్ళీ పొసగలేదు. ఆఖరి రేసు లాస్‌వెగాస్‌లో. అక్కడ టైటిల్ ఒక్క పాయింటు తేడాతో పికె, అదే సింగపూర్ పికె వాళ్ళ నాయన, ఎగరేసుకుపోయాడు. 50, 49. రాయ్‌టమాన్ మాట విని ఉంటే ఆ 49 కూడా ఉండేవి కావు. కాబట్టి వినకపోవడం వల్ల నష్టపోయాడని చెప్పలేం. జట్టులో తోడు లేకుండా టైటిల్ కొట్టడం కష్టమని మాత్రం చెప్పొచ్చు.

ఒక మెకానిక్: మోంజాలో ఆ చక్రం దగ్గర లేటయినోడి సంగతేంది మాస్టారూ? లోకమంతా వాణ్ణే తిట్టి ఉంటారు.

(నవ్వులు) మీకు తగిలిందన్నా ఆ బాధ. అంతమంది చక్రాల చుట్టూ మూగి రెండున్నర సెకన్లలో నాలుగు మార్చడమంటే, ఎప్పుడో ఒకసారి గన్ను పట్టదు. నట్టు సరిగ్గా కూర్చోదు. మన షెడ్డులో అయితే ఇంకో దెబ్బ వేసి బిగిస్తాం, అక్కడ రెండు సెకన్లు పోతే సావాసాలు పోతాయి. పియాస్ట్రి అన్నదీ అదే, అది కూడా రేసేనని. ఆ ఒక్క మాటలో నేను పియాస్ట్రి పక్షం.

ఒక శ్రోత: అయితే మీ లెక్క ప్రకారం వెర్‌స్టాపెన్‌కు అన్యాయం జరిగినట్టేగా?

ఆ మోంజా రోజున మెక్‌లారెన్ వాళ్ళు స్థానాలు మార్చుకున్నారని రేడియోలో చెప్తే వెర్‌స్టాపెన్ నవ్వాడయ్యా. పిట్‌లో లేటైనందుకా అని. మూడు నెలల తర్వాత తనకే తగులుతుందని అప్పుడు ఎవరికి తెలుసు. కానీ అన్యాయం అంటే నేనొప్పుకోను. అదే ఏడాది జూన్ 1న బార్సిలోనాలో వేరే జట్టు డ్రైవర్ రసెల్‌కు స్థానం తిరిగిచ్చెయ్యమని వాళ్ళ జట్టే వెర్‌స్టాపెన్‌కు చెప్పింది. కోపమొచ్చింది. నెమ్మదించినట్టే నెమ్మదించి మళ్ళీ పోయి రసెల్ కారును గుద్దాడు. 10 సెకన్ల శిక్ష పడి అయిదో స్థానం నుంచి పదో స్థానానికి పడిపోయాడు. అయిదో స్థానానికి 10 పాయింట్లు, పదో స్థానానికి 1. పోయినవి 9. టైటిల్ పోయింది 2 పాయింట్లతో. ఇంక మెక్‌లారెన్ వాళ్ళను ఏమని అడుగుతాడు?